డైటీషియన్ అవ్వాలంటే రెండేళ్ల ఎంఎస్సీ చేయాల్సిందేనా, డిప్లొమా సరిపోతుందా?

మీరు అడిగింది మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. మీది నరసరావుపేట, న్యూట్రిషన్ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ పూర్తయింది, హాస్పిటల్లో క్లినికల్ డైటీషియన్‌గా పనిచేయాలని ఉంది. రెండేళ్ల ఎంఎస్సీ, ఏడాది పీజీ డిప్లొమా, ఇంట్లో ఉండి చేసే దూరవిద్య ఎంఎస్సీ, ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ వచ్చే మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు, ఈ నాలుగింట్లో ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నారు. నాన్నగారు "ఇంకో రెండేళ్లు దేనికమ్మా" అంటున్నారు. డాలస్‌లో అక్క ఉన్నారు కాబట్టి తర్వాతెప్పుడైనా అమెరికా వెళ్తే ఈ చదువు అక్కడ పనికొస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

సూటిగా చెప్తున్నాను: రెగ్యులర్ ఎంఎస్సీలో చేరండి, అది అవగానే పెద్ద హాస్పిటల్లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేయండి, ఆ తర్వాత ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష రాయండి. దూరవిద్య వైపు ఇక చూడొద్దు, ఎందుకో కింద చెప్తాను. మూడు నెలల కోర్సుతో హాస్పిటల్ ఉద్యోగం రాదు. డిప్లొమా కొందరికి సరిపోతుంది, మీ పరిస్థితిలో అది రెండో దారి మాత్రమే. అన్నిటికంటే ముఖ్యం, కాలేజీ పేరు చూసి కాదు, ఆ కాలేజీ మిమ్మల్ని ఏ వార్డుల్లో, ఎన్నాళ్లు నిలబెడుతుందో చూసి చేరండి. నేను హైదరాబాద్‌లో క్లినికల్ డైటీషియన్‌ని, ఏటా మా డిపార్ట్‌మెంట్‌కి ఇంటర్న్‌లు వస్తారు, వాళ్లకి పని నేర్పడం నా ఉద్యోగంలో భాగం. ఎవరు ఏ చదువు చదివి ఎలా తయారై వస్తున్నారో చాలా ఏళ్లుగా దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను, ఆ చూసిందాన్ని బట్టే చెప్తున్నాను.

నాన్నగారి ప్రశ్నకి జవాబుగా ఒక పేషెంట్ సంగతి చెప్తాను. ఖమ్మం వైపు రైతు, అరవై దాటిన పెద్దాయన, కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలవకముందు ఎవరో ఒక డైట్ షీట్ ఇచ్చారు, పప్పు బాగా తగ్గించండి, గుడ్డు వద్దు, మాంసం వద్దు అని. ఆ దశలో అది సరైన సలహానే. అప్పుడు ప్రొటీన్‌ని కిలో బరువుకి 0.6 గ్రాముల చుట్టుపక్కల ఉంచుతాం, షుగర్ కూడా ఉంటే ఇంకాస్త ఇస్తాం. తర్వాత డయాలసిస్ మొదలైంది. డయాలసిస్‌లో ప్రతిసారీ కొంత ప్రొటీన్ సరుకు బయటికి పోతుంది, అందుకని అవసరం కిలోకి 1.0 నుంచి 1.2 గ్రాములకి పెరుగుతుంది, అంటే దాదాపు రెట్టింపు. ఇంట్లో మాత్రం ఆ పాత కాగితమే నడుస్తోంది. తెల్లన్నం, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. మా దగ్గరికి వచ్చేసరికి చొక్కా భుజాల మీద నిలవట్లేదు, ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్) బాగా పడిపోయింది. ఆయన భార్య ఆ షీట్‌ని ఒక్క పూట కూడా తప్పకుండా పాటించింది, మడతల దగ్గర చిరిగిపోతే సెల్లోటేప్ అంటించి మరీ దాచుకుంది. అంత శ్రద్ధ ఉన్న మనిషికి "దశ మారింది, తిండి మారాలి" అని చెప్పే డైటీషియన్ మధ్యలో ఒక్కరూ దొరకలేదు.

ఆ అమ్మతో కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాం. రోజూ గుడ్డు తెల్లసొన, ఇష్టమైతే చేప ముక్క ఎందుకు పెట్టాలో, కూరముక్కలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం ఎలా తగ్గుతుందో, ఒంటికి చలవ అని అందరూ పట్టించే కొబ్బరి నీళ్లు ఆయనకి ఎందుకు ప్రమాదమో చెప్పాం. చారు, మజ్జిగ, టీ అన్నీ రోజు నీళ్ల లెక్కలోకే వస్తాయంటే ఆమె ఆశ్చర్యపోయింది, అప్పటిదాకా బిందెలో నీళ్లనే లెక్కపెట్టిందట. జబ్బు పేరు ఒకటే, మనిషి ఒక్కడే, కానీ మూడు నెలల తేడాలో సలహా తలకిందులవుతుంది. ఏ దశలో ఏది అన్నది పట్టుకోవాలంటే బయోకెమిస్ట్రీ తెలియాలి, ల్యాబ్ రిపోర్టు చదవడం రావాలి, నెఫ్రాలజిస్ట్‌తో, అంటే కిడ్నీ డాక్టర్‌తో, మాట్లాడే ధైర్యం ఉండాలి. బీఎస్సీలో మీకు పోషకాలు నేర్పారు. జబ్బుపడ్డ ఒళ్లు ఆ పోషకాల్ని ఏం చేస్తుందన్నది ఎంఎస్సీలో నేర్పుతారు, అది కూడా మంచి కాలేజీ అయితేనే.

ఇంకో ఉదాహరణ, చాలారోజులుగా సరిగ్గా తినని మనిషి ఐసీయూకి వస్తాడు. బక్కచిక్కి ఉన్నాడు కదా అని మొదటి రోజే ట్యూబ్ ద్వారా పూర్తి కేలరీలు ఎక్కిస్తే ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటాం. థయమిన్ (విటమిన్ బి1) ముందు ఇవ్వాలని, ఫీడ్ తక్కువతో మొదలుపెట్టి రోజూ రిపోర్టులు చూస్తూ పెంచాలని తెలియని వాళ్లని ఐసీయూలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లకి గోంగూర, తోటకూర పూర్తిగా మానేయమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నిజానికి చెప్పాల్సింది రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినమని. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి నడవమని, కూరలు ఎక్కువ తినమని చెప్పుకోవచ్చు. మందులు వాడే మనిషికి చార్ట్ రాసివ్వకూడదు.

చదువుతో పాటు రావాల్సిన పని ఒకటుంది, అది పుస్తకంలో రాదు: పేషెంట్ ఏం తింటున్నాడో రాబట్టడం. గుండె బలహీనంగా ఉండి కాళ్లు వాచిన ఒక పెద్దావిడ దగ్గరికి మా ఇంటర్న్‌ని పంపాను. "ఉప్పు తగ్గించారా?" అని అడిగింది. "అసలు వేసుకోవట్లేదమ్మా" అని ఆవిడ జవాబు. అదే రాసుకుని వచ్చేసింది. నేను వెళ్లి పొద్దున లేచిన దగ్గర్నుంచి వరసగా అడిగాను, నోట్లో మొదట ఏం పడింది, ఏ గ్లాసుతో, దానితో ఏం తిన్నారు, మధ్యాహ్నం మొదటి ముద్ద దేనితో, చివర మజ్జిగన్నంలోకి ఏం నంజుకున్నారు అని. మొదటి ముద్ద ఆవకాయతో, చివర ఊరమిరపకాయ, మధ్యలో అప్పడం. కూరలో ఉప్పు నిజంగానే వేయట్లేదు, కోడలు విడిగా వండుతోంది పాపం. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఉప్పు అంటే ఆవిడ లెక్కలో డబ్బాలోంచి తీసి వేసేదే. గుంటూరు మనిషిని పచ్చడి గురించి, రాయలసీమ మనిషిని సంగటి ముద్ద సైజు గురించి, మహబూబ్‌నగర్ మనిషిని జొన్న రొట్టెల సంఖ్య గురించి విడిగా అడగాలి. ఇది వందల మంది పేషెంట్లతో మాట్లాడితేనే వస్తుంది, దానికోసమే నేను వార్డులు, వార్డులు అని అంతగా పట్టుబడుతున్నది.

ఇక దూరవిద్య. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కోర్సుల్ని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ చెప్పేసింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఎవరైనా "మేడమ్, సీటు ఇప్పిస్తాం, క్లాసులకి రానక్కర్లేదు" అని ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి. అంతకుముందు చేసినవాళ్ల డిగ్రీల సంగతి వేరు, వాళ్లలో చాలా బాగా పనిచేసేవాళ్లు నాకు తెలుసు, ముఖ్యంగా అప్పటికే హాస్పిటల్లో ఉద్యోగం చేస్తూ చదివినవాళ్లు. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకి మాత్రం ఆ దారి లేదు.

యూజీసీ ఈ నిర్ణయానికి ఆధారం 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. మన వృత్తికి ఇది చాలా పెద్ద మార్పు, కాలేజీల్లో మాత్రం దీని గురించి పెద్దగా చెప్పట్లేదు. డాక్టర్లకి, నర్సులకి ఉన్నట్టు మనకి ఇన్నాళ్లూ చట్టపరమైన కౌన్సిల్ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకుని డైటీషియన్ అనిపించుకోగలిగారు. ఈ చట్టం డైటీషియన్లని, న్యూట్రిషనిస్టుల్ని న్యూట్రిషన్ సైన్స్ ప్రొఫెషనల్స్ కింద చేర్చింది, రాష్ట్ర కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలంది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిగ్రీలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని కూడా అందులోనే ఉంది. రేపు రిజిస్ట్రేషన్ అడిగినప్పుడు మీ చేతిలో రెగ్యులర్ డిగ్రీ, గంటలు లెక్క చూపించే మార్కుల మెమోలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఉండాలి. బీఎస్సీ సిలబస్ కాపీ కూడా ఇప్పుడే కాలేజీలో స్టాంపు వేయించి దాచుకోండి, ఏళ్లు గడిచాక అడిగితే ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

పీజీ డిప్లొమా ఎవరికి పనికొస్తుందంటే, పెళ్లయి పిల్లలున్నవాళ్లు, రెండేళ్లు ఆగలేనివాళ్లు, లేదా మంచి హాస్పిటల్ సొంతంగా నడిపే డిప్లొమాలో సీటు దొరికినవాళ్లు. ఏడాదంతా వార్డుల్లోనే గడిపే డిప్లొమా ఒక్కోసారి క్లాసురూమ్ ఎంఎస్సీ కంటే మెరుగ్గా ఉంటుంది, ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ తర్వాత పీహెచ్‌డీ చేయాలన్నా, లెక్చరర్‌గా నెట్ రాయాలన్నా, విదేశాలకి వెళ్లాలన్నా ఎంఎస్సీ కావాలి. మీకు వయసుంది, పైగా అమెరికా ఆలోచన ఉంది. రెండేళ్లు పెట్టండి.

ఎక్కడ చేరాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్ఐఎన్ అంటాం, మన గడప ముందే ఉన్న దేశస్థాయి సంస్థ. 1918లో తమిళనాడు కూనూరులో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టర్ చిన్న గదిలో బెరిబెరి (విటమిన్ బి1 లోపంతో వచ్చే జబ్బు) మీద మొదలుపెట్టిన పరిశోధన పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. దేశంలో ఏ డైటీషియన్ చార్ట్ వేసినా లెక్కలు అక్కడివే, 528 ఆహార పదార్థాల విలువలున్న 2017 ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్ అయినా, రోజుకి ఏ పోషకం ఎంత కావాలో చెప్పే 2020 ఆర్‌డీఏ అయినా. అక్కడ ఎంఎస్సీ అప్లైడ్ న్యూట్రిషన్, ఎంఎస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఉన్నాయి, సొంత ఎంట్రన్స్ పెడతారు, సీట్లు తక్కువ, పోటీ బాగా ఎక్కువ. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అప్లైడ్ న్యూట్రిషన్ మొగ్గు పబ్లిక్ హెల్త్, పరిశోధన వైపు. క్లినికల్ వైపు రావాలంటే అక్కడ చదివినా హాస్పిటల్ ఇంటర్న్‌షిప్ విడిగా చేసుకోవాలి.

ఆంధ్రా యూనివర్సిటీలో ఫుడ్స్, న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ ఉంది, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ హోమ్ సైన్స్ విభాగం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏపీ యూనివర్సిటీ సీట్లకి ఏపీ పీజీసెట్, తెలంగాణ సీట్లకి సీపీగెట్ రాయాలి, రెండూ రాసిపెట్టుకోవడం మంచిది. సైఫాబాద్‌లో, గుంటూరు దగ్గర లాంలో ఉన్న కమ్యూనిటీ సైన్స్ కాలేజీలు (ఇదివరకు హోమ్ సైన్స్ కాలేజీలనేవాళ్లు) వ్యవసాయ యూనివర్సిటీల కిందకి వస్తాయి, చదువు గట్టిగా ఉంటుంది, కాకపోతే ఎక్కువగా వాళ్ల నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకే అవకాశం, మూడేళ్ల బీఎస్సీతో వెళ్లేముందు అర్హత చూసుకోండి. రాష్ట్రం దాటి వెళ్లగలిగితే కోయంబత్తూరు అవినాశిలింగం, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, ముంబై ఎస్ఎన్‌డీటీ, ఢిల్లీ లేడీ ఇర్విన్ ఈ రంగంలో పాత పేర్లు.

కాలేజీకి ఫీజు కట్టేముందు ఫోన్ చేసి, వీలైతే వెళ్లి అడగాల్సినవి ఉన్నాయి. మీ పిల్లల్ని ఏ హాస్పిటల్‌కి పంపుతారు, ఎన్ని వారాలు, ఐసీయూ, నెఫ్రాలజీ, ఆంకాలజీ, పిల్లల వార్డు చూపిస్తారా లేక ఓపీ ముందు కుర్చీ వేసి కూర్చోబెడతారా? ఫ్యాకల్టీలో ఆర్‌డీ ఉన్నవాళ్లు ఎవరు? డైట్ కిచెన్ ఉందా, వండి తూచే ప్రాక్టికల్స్ నిజంగా జరుగుతాయా? ఏ ఆర్‌డీఏ చెప్తున్నారో కూడా అడగండి. 2020 లెక్కల్లో ప్రామాణిక పురుషుడి బరువు 65 కిలోలు, స్త్రీ బరువు 55 కిలోలు, ప్రొటీన్ కిలోకి 0.83 గ్రాములు. పురుషుడి బరువు ఇంకా 60 కిలోలని చెప్పే నోట్సు చేతిలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చే ఇంటర్న్‌లని ఇప్పటికీ చూస్తున్నాను, అది పిల్లల తప్పు కాదు, పదిహేనేళ్ల కింద రాసిన నోట్సునే జిరాక్స్ తీయిస్తున్న కాలేజీల తప్పు. అన్నిటికంటే నమ్మకమైన సమాచారం సీనియర్ల దగ్గర దొరుకుతుంది. నిరుడు బయటికి వచ్చినవాళ్లలో ఎంతమంది హాస్పిటళ్లలో ఉన్నారో లింక్డ్‌ఇన్‌లో వెతికినా తెలుస్తుంది.

ఇంటర్న్‌షిప్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మీ వృత్తి నిలబడేది దీనిమీదే. ఆరు నెలలు అనగానే పిల్లలు దీన్ని కాగితం కోసం చేసే తతంగం అనుకుంటారు. బాగా నడిచే డిపార్ట్‌మెంట్‌లో రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్నే కిచెన్‌లో మొదలవుతుంది, ట్రేల మీద అంటించిన చీటీలు చూడాలి, బెడ్ నంబరు, డయాబెటిక్, ఉప్పు లేనిది, మెత్తనిది, ద్రవాలు మాత్రమే అని. నిన్న రాత్రి ఆపరేషన్‌కి లిస్టయిన పేషెంట్‌కి ఇడ్లీ ట్రే వెళ్లిపోతుంటే ఆపేది మీరే. తర్వాత కొత్తగా చేరినవాళ్ల స్క్రీనింగ్, బరువు ఎంత తగ్గారు, ఎన్నాళ్లలో, ఆకలి ఎలా ఉంది. మంచం దిగలేని మనిషి ఎత్తు, బరువు ఎలా అంచనా వేయాలో ఇక్కడే నేర్చుకుంటారు. డాక్టర్లతో రౌండ్స్, ఐసీయూలో ఫీడ్ లెక్క: కేలరీలు ఎన్ని, ప్రొటీన్ ఎంత, గంటకి ఎన్ని మిల్లీలీటర్లు, నిన్న రాసినదాంట్లో నిజంగా లోపలికి వెళ్లింది ఎంత, ఎందుకు ఆగింది. మధ్యాహ్నం డిశ్చార్జ్ అయ్యేవాళ్లకి చెప్పడం, అప్పుడు వండేది ఎవరో వాళ్లని పిలిపించి మరీ చెప్పాలి. సాయంత్రం కేసు రాసుకోవడం.

ఇలా కాకుండా నడిచేవి కూడా ఉన్నాయి, దాచి లాభం లేదు. నగరంలోనే ఒక హాస్పిటల్లో ఇంటర్న్‌ల దగ్గర ఫీజు తీసుకుని ఆరు నెలలూ కంప్యూటర్లో డైట్ ఆర్డర్లు ఎక్కించే పని చేయించారు, తర్వాత మా దగ్గర ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి చెప్తూ ఏడ్చేసింది. సర్టిఫికెట్ ఉంది, ట్యూబ్ ఫీడ్ లెక్క వేయమంటే రాలేదు. ఆ అమ్మాయి తెలివిగలది, ఆరు నెలల్లో మా దగ్గర అన్నీ నేర్చుకుంది, కానీ ఆ పోయిన ఆరు నెలలు ఎవరు తిరిగిస్తారు? చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల ఎదురు కట్టాలి, హాస్టల్ ఖర్చు అదనం. నాన్నగారితో బడ్జెట్ మాట్లాడేటప్పుడు రెండేళ్లు అనకండి, రెండున్నరేళ్లు అని ముందే చెప్పండి. చేరేముందు అడగండి, వార్డులు మారుస్తారా, ఎవరి కింద పనిచేస్తాను, కేస్ ప్రెజెంటేషన్లు ఉన్నాయా అని. నా దగ్గర ఇంటర్న్‌లు రోజుకి ఒక్క కేసైనా సొంత నోటుబుక్‌లో పూర్తిగా రాయాలి, ల్యాబ్ విలువలతో సహా. ఆర్‌డీ పరీక్షకి అదే పనికొస్తుంది.

ఆర్‌డీ అంటే రిజిస్టర్డ్ డైటీషియన్, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ (ఐడీఏ) ఇచ్చేది. సంబంధిత ఎంఎస్సీ, వాళ్లు ఒప్పుకునే హాస్పిటల్లో ఇంటర్న్‌షిప్ ఉంటే పరీక్షకి కూర్చోవచ్చు, డిప్లొమా వాళ్లకి నిబంధనలు వేరుగా ఉంటాయి. ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టకముందే ఆ హాస్పిటల్, మీకు సంతకం పెట్టబోయే డైటీషియన్ ఐడీఏ షరతులకి సరిపోతారో లేదో నిర్ధారించుకోండి. ఆరు నెలలయ్యాక తెలిస్తే చేయగలిగింది లేదు. ఐడీఏకి హైదరాబాద్ చాప్టర్ ఉంది, స్టూడెంట్‌గానే సభ్యత్వం గురించి కనుక్కుని మీటింగులకి వెళ్లండి, ఉద్యోగాల కబుర్లు ముందు అక్కడే తెలుస్తాయి. ఆర్‌డీ లేకుండా ఉద్యోగమే రాదని కాదు, కానీ పెద్ద హాస్పిటళ్లు అడుగుతున్నాయి, సీనియర్ పోస్టుకి వెళ్లేటప్పుడు తప్పకుండా చూస్తారు.

డబ్బు సంగతి. హైదరాబాద్‌లో ఎంఎస్సీ, ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన ఫ్రెషర్‌కి నేను చూస్తున్న జీతం నెలకి 20 వేలకి అటూ ఇటూ. ఇంజినీరింగ్ చదివిన మీ క్లాస్‌మేట్‌తో పోల్చుకుంటే బాధేస్తుంది, ఆ బాధ న్యాయమైనదే. ఇంత చదువు చదివి ఇంత బాధ్యత మోసేవాళ్లకి హాస్పిటళ్లు ఇస్తున్నది తక్కువ, దీని గురించి మేము మా స్థాయిలో గట్టిగానే అడుగుతున్నాం. మూడు నాలుగేళ్లయ్యాక, క్రిటికల్ కేర్ లాగానో కిడ్నీ, క్యాన్సర్, పిల్లల పోషణ లాగానో ఒక దాంట్లో చెయ్యి తిరిగాక పరిస్థితి మారుతుంది. సొంత ప్రాక్టీసు బాగానే ఉంటుంది కానీ అది వార్డులో గట్టిపడ్డాక పెట్టాల్సింది. ప్రభుత్వం వైపు చూస్తే తీవ్ర పోషణలోపం ఉన్న పిల్లల్ని చేర్చుకునే న్యూట్రిషన్ రిహాబిలిటేషన్ సెంటర్లు, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీవో పోస్టులు ఉన్నాయి, నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకపోవచ్చు, వాటికోసం ఇంట్లో కూర్చోవద్దు, పనిచేస్తూ రాయండి.

ఇప్పుడు అమెరికా. మన ఆర్‌డీ అక్కడ చెల్లదు, వాళ్ల ఆర్‌డీ వేరే. 2024 జనవరి 1 నుంచి అక్కడ ఆర్‌డీ పరీక్షకి కూర్చోవాలంటే మాస్టర్స్ తప్పనిసరి, అంతకుముందు బ్యాచిలర్స్ సరిపోయేది. మాస్టర్స్ ఒక్కటే కాదు, ఏసెండ్ అనే సంస్థ గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ ద్వారా చదువు, కనీసం 1,000 గంటల పర్యవేక్షణలో పని రెండూ పూర్తవ్వాలి, ఆపైన పరీక్ష, ఆపైన చాలా రాష్ట్రాల్లో లైసెన్సు. మన ఎంఎస్సీని అక్కడి డిగ్రీతో సమానమని మదింపు చేయించుకోవచ్చు, దానివల్ల కొన్ని సబ్జెక్టులు తగ్గొచ్చు, కానీ ఆ పర్యవేక్షణ గంటల్ని అక్కడి పద్ధతిలో పూర్తి చేయక తప్పదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోట: అక్కడ ఎంఎస్ ఇన్ న్యూట్రిషన్ అని కనిపించగానే ఐ20 (స్టూడెంట్ వీసాకి కాలేజీ ఇచ్చే కాగితం) తెచ్చుకుని వెళ్లిపోతారు, ఆ కోర్సుకి ఏసెండ్ గుర్తింపు ఉండదు. లక్షల అప్పు చేసి డిగ్రీ తెచ్చుకున్నా ఆర్‌డీ పరీక్షకి కూర్చోలేరు. చదువు, ప్రాక్టీసు రెండూ కలిపి ఇచ్చే కోఆర్డినేటెడ్ ప్రోగ్రామ్ గానీ ఫ్యూచర్ ఎడ్యుకేషన్ మోడల్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ గానీ అయితే మేలు, విడిగా ఇంటర్న్‌షిప్ సీటు కోసం పోటీ పడక్కర్లేదు. అక్కని ఏసెండ్ వెబ్‌సైట్‌లో టెక్సస్ ప్రోగ్రామ్‌ల జాబితా చూడమనండి. ఇంగ్లండ్ అయితే హెచ్‌సీపీసీ (అక్కడి ఆరోగ్య వృత్తుల కౌన్సిల్) రిజిస్ట్రేషన్ లేకుండా డైటీషియన్ అని చెప్పుకోవడమే నేరం, అక్కడికి పోవాలనుకునేవాళ్లు ఆ వైపు నుంచి మొదలుపెట్టాలి.

అయితే అమెరికా వెళ్లేదాకా ఇక్కడ ఎంఎస్సీ ఎందుకు, నేరుగా అక్కడే చేయొచ్చు కదా అని అడుగుతారేమో. వీసా, డబ్బు రెండూ ఖాయమైతే చేయండి. ఖాయం కాకపోతే ఇక్కడ చదవండి, ఇక్కడి వార్డులో పనిచేసిన అనుభవం ఎక్కడికి వెళ్లినా మీ అప్లికేషన్‌కి బలం. పైగా మీరు వెళ్లకపోవడం కూడా జరగొచ్చు, అప్పుడు చేతిలో ఇక్కడి వృత్తి ఉండాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఎంట్రన్స్‌ల నోటిఫికేషన్లు వచ్చేలోపు ఖాళీగా ఉండకండి. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ మళ్లీ చదవండి, ఎంట్రన్స్‌లో కూడా మార్కులు అక్కడే పోతాయి. నరసరావుపేటలోనో గుంటూరులోనో ఏదైనా హాస్పిటల్లో డైటీషియన్ ఉంటే వెళ్లి నాలుగు రోజులు పక్కన కూర్చుని చూస్తానని అడగండి, చాలామంది కాదనరు. జబ్బు వాసన, ఏడుపులు, విసుక్కునే బంధువులు, వీటి మధ్య పనిచేయడం మీకు ఇష్టమేనా అన్నది ఆ నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది, ఇష్టం లేకపోతే పబ్లిక్ హెల్త్, స్పోర్ట్స్, ఫుడ్ ఇండస్ట్రీ వైపు వెళ్లొచ్చు, ఎంఎస్సీ స్పెషలైజేషన్ దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. నాన్నగారిని కూడా ఒకరోజు వెంట తీసుకెళ్లండి. కాలేజీలు రెండు మూడు అనుకున్నాక వాటి సిలబస్, పంపే హాస్పిటళ్ల పేర్లు ఇక్కడే కింద పెట్టండి, ఏది మేలో చూసి చెప్తాను.